ఎడమ మడమ

రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి వెలిసింది. మబ్బు మాత్రం కదల్లేదు. తూర్పున సన్నగా ఒక తెల్లచార, అంతే. మధ్యాహ్నం దాకా మళ్లీ పడదు అనుకుని రవీందర్ గొడుగు బైకుకే వదిలేసి లిఫ్టు ఎక్కాడు.

రవీందర్ ప్రైవేటు డిటెక్టివ్. జనగామ పక్క పల్లెలో బడి చదువు, కొన్నేళ్లు పోలీసు ఉద్యోగం, అది వదిలి ఈ పని. ఒక మాట అడిగి, ఎదుటివాడు చెప్పేదాకా ఊరుకోవడం అతని పద్ధతి.

నిన్న సాయంత్రం నల్లగండ్ల నుంచి ఎలిజబెత్ అనే నర్సు అతని దగ్గరికొచ్చింది. డ్యూటీ దిగి, బట్టలైనా మార్చుకోకుండా వచ్చింది. కూతురు బ్లెస్సీ మీద ఆమె పనిచేసే కంపెనీ నుంచి మర్నాడు మూడు గంటలకు సైబర్ పోలీసులకు ఫిర్యాదు వెళ్తుందని, ఒకసారి పేరు టీవీలో పడ్డాక తర్వాత నిర్దోషి అన్నా ఎవరూ వినరని చెప్పింది.

"మా అమ్మాయి చేసిందని తేలితే అదే చెప్పండి, తట్టుకుంటాను. చెయ్యకపోతే మాత్రం ఆ మాట మూడింటిలోపు తేలాలండి" అంది. ఏడవలేదు. అది చూసే రవీందర్ కేసు ఒప్పుకున్నాడు.

సంగతి ఇది. బ్లెస్సీ హైటెక్ సిటీలో ఆటగాళ్ల ఒంటి లెక్కలు చూసే కంపెనీలో పని చేస్తుంది. ఫాస్ట్ బౌలర్ల బూట్ల లోపల ఆ కంపెనీవాళ్లు ఒక పలచటి అట్ట పరుస్తారు. ఏ పాదం ఎంత బరువుతో నేలకు తగిలిందో ఆ అట్ట చెబుతుంది. ఆ లెక్కలు రిపోర్టుగా టెస్టు జట్టును ఎంపిక చేసే కమిటీకి వెళ్తాయి. పోయిన వారం జట్టు ప్రకటించారు. ఆ ఏడాది దేశంలో అందరికంటే ఎక్కువ వికెట్లు తీసిన సీతారామాంజనేయులు పేరు అందులో లేదు. అతని వికెట్లలో సగం కూడా లేని ప్రేమ్ కుమార్ పేరు ఉంది. ఇద్దరూ ఒకే క్యాంపువాళ్లు, ఒకే గదివాళ్లు.

టీవీలో పెద్దమనుషులు కూచుని తిట్టారు. కమిటీ ఎప్పటిలాగే కారణం చెప్పలేదు, ఆటగాడికి కూడా చెప్పలేదు. లోపలి కారణం మాత్రం బ్లెస్సీ పంపిన రిపోర్టే. సీతారామాంజనేయులు ఎడమ కాలికి దెబ్బ ఉండొచ్చని అందులో ఎర్ర రంగు గుర్తు పెట్టి ఉంది. రెండు రోజులకు ఇంకో మాట బయటికొచ్చింది. బ్లెస్సీ, ప్రేమ్ కుమార్ ఒకే చర్చికి వెళ్తారని. ఇక జనానికి అంతకంటే ఏం కావాలి.

పైన కంపెనీ ఆఫీసులో, గాజు గదిలో బ్లెస్సీ ఎదురుగా కూచుంది. కళ్ల కింద నల్లగా ఉంది గాని గొంతు వణకడం లేదు. రాత్రిపూట ఇంటినుంచి సీతారామాంజనేయులు ఫైలు తెరిచావని కంపెనీ అంటోంది, ఎందుకని రవీందర్ అడిగాడు. తెరిచానని ఒప్పుకుంది. అతను బౌలింగ్ చేసే వీడియో చూస్తే ఎడమ కాలు గట్టిగా, నిటారుగా పడుతోందట. లెక్క చూస్తే కుంటివాడి లెక్క. రెండూ పొసగక మళ్లీ మళ్లీ చూసిందట. తన మేనేజరుకు చెబితే, ఉన్న నంబరు ఉన్నట్టు పంపు, నీ అభిప్రాయం కమిటీ అడగలేదు అన్నాడట.

"ఆ పిలగాన్ని చూసినవా?" అన్నాడు రవీందర్.

"లేదు సార్. గ్రౌండ్‌కి నేనెప్పుడూ వెళ్లలేదు. అవసరం లేదు, డేటా అంతా ఇక్కడికే వస్తుంది."

"కాలు ఎప్పటి సంది ఖరాబైంది?"

"నవంబరు మొదటి వారం నుంచి. అంతకుముందు బానే ఉంది."

"ఆ ప్రేమ్ కుమార్‌ది?"

ఆమె లాప్‌టాప్ తిప్పి ఇంకో ఫైలు తెరిచింది. కాసేపు చూసింది. "అతనిది ముందు కొంచెం తేడాగా ఉండేది. అదే వారం బాగుపడింది" అంది.

అప్పుడే తలుపు తోసుకుని ఆదర్శ్ వచ్చాడు. కంపెనీ తరఫున దర్యాప్తు చేస్తున్నది ఇతనే. మాసిన కాలర్ ఎన్నడూ ఎరగని మనిషి. తెలివైనవాడు కూడా, ఆ సంగతి ఒక పాత కేసులో ఓడిపోయి తెలుసుకున్నాడు రవీందర్.

"వాన వెలిసింది కదా, పొలం పనులుంటాయేమో అనుకున్నాను రవీందర్ గారూ. ఇటొచ్చారా?"

"కోతలైనయి సార్. తీరికగనే ఉన్న."

ఆదర్శ్ నవ్వి కుర్చీ లాక్కున్నాడు. ఆ రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టి చూసింది ముందు తనేనని చెప్పాడు. ఒకడి కాలు చెడిన వారమే రెండోవాడి కాలు బాగుపడదు. అంటే లెక్కలు తారుమారయ్యాయి. ఆ ఫైళ్లు ముట్టుకునే అధికారం బ్లెస్సీకి తప్ప ఇంకెవరికీ లేదు. లాభపడినవాడు ఆమె చర్చి మనిషి. ఆమె క్యాంపు గేటు దాటినట్టు గాని, ప్రేమ్‌తో ఫోనులో మాట్లాడినట్టు గాని తన దర్యాప్తులో కనబడలేదు, అయినా సరే. ఇందులో ఆలోచించడానికి ఏముందన్నాడు.

బ్లెస్సీ తల వంచుకుంది. "నేను మార్చలేదు" అంది, టేబులుకు చెబుతున్నట్టు.

రవీందర్ కిటికీలోంచి మబ్బు వైపు చూసి ఆదర్శ్ వైపు తిరిగాడు. "లెక్కలు మారినయి. అది నేను గూడ ఒప్పుకుంట. ఏడ మారినయో చూడాలె. ఇంకొక మాట సార్. మారినయని మీకు ఎప్పుడు తెలిసింది?"

"మొన్న."

"అంటే దెబ్బ తగిలిన కాలు ప్రేమ్ కుమార్‌ది. వాడు ఈ రాత్రి విమానమెక్కి టెస్టు ఆడనీకె పోతుండు. మొన్నటి సంది వాని కాలు ఎవరన్న చూసిన్రా?"

అది డాక్టర్ల పని అన్నాడు ఆదర్శ్. ఆ గొంతులో ఇందాకటి బిగువు లేదు.

క్యాంపు నల్లగండ్ల దాటాక ఉంది. రవీందర్ వెళ్లేసరికి పదకొండు కాలేదు. పిచ్ మీద పట్టా కప్పి ఉంది. ఆటగాళ్లంతా లోపలే ఉన్నారు. గదుల వైపు వెళ్లే మట్టిబాట ఇంకా మెత్తగా ఉంది. దాని మీద బూటు అడుగుల మధ్య ఒక జత ఉత్తపాదాలు కనబడ్డాయి. గదిలోంచి కుళాయి దాకా, కుళాయి నుంచి వెనక షెడ్డు దాకా. రవీందర్ అక్కడ వంగి చూశాడు. పెద్ద పాదం, బరువైన మనిషి. రెండు మడమలూ ఒకే లోతు దిగాయి. కాలు నొప్పి ఉన్నవాడు బురదలో ఇలా నడవడు.

గదిలో ప్రేమ్ కుమార్ పెట్టె సర్దుకుంటున్నాడు. బాచుపల్లి పిల్లవాడు, పొడుగు, నవ్వు మొహం. మంచం మీద కొత్త జట్టు బ్లేజరు మడత విప్పకుండా ఉంది. రవీందర్ తనెవరో చెప్పి, బ్లెస్సీ గురించి అడిగాడు. చర్చిలో కనిపిస్తే ప్రైజ్ ద లార్డ్ అనుకోవడం తప్ప ఆమెతో మాట్లాడింది లేదన్నాడు. ఆమె ఆ కంపెనీలో పని చేస్తుందని కూడా టీవీలో చూసే తెలిసిందట.

"ఎడమ కాలు నొప్పి లేస్తదా?"

ప్రేమ్ సర్దడం ఆపాడు. "జర ఉంటది అన్నా. ఫాస్ట్ బౌలర్లకు అందరికీ ఉంటది."

"చెప్పలేదేంది మరి?"

"నా రిపోర్టు గ్రీన్ వచ్చింది. మిషనే బాగుందంటుంటే నేను నొప్పి అంటే ఎవరు నమ్ముతరు? నాకే నమ్మబుద్ధి కాలే. అదంత నా మనసుల భయం అనుకున్న."

అతను అబద్ధం చెప్పడం లేదు. రవీందర్ ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం భరించలేక ప్రేమే మళ్లీ మొదలుపెట్టాడు. తన మీద అంజికి, అంటే సీతారామాంజనేయులుకు, ఏం కోపం లేదన్నాడు. పేరు రాని రోజు రాత్రి కూడా ఇద్దరూ పక్కపక్కనే పడుకున్నారట. "మీరు స్వామినే అడుగుండ్రి. స్వామి నన్ను ఒక్క మాట అనలే" అన్నాడు.

"స్వామి ఎవరు?"

ప్రేమ్ మొహం మీద నవ్వు పోయింది. బ్లేజరు వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. ఇక నోరు విప్పలేదు.

రవీందర్ వరండాలోకి వచ్చాడు. నిన్న వానలో తడిసిన బూట్లన్నీ గోడకు ఆనించి, అడుగులు బయటికి కనబడేలా ఆరబెట్టారు. ఒక్కో జత పైన గోడకు పేరు అంటించి ఉంది. రవీందర్ అంజి జత ముందు కూచున్నాడు. రెండు మడమల రబ్బరూ ఒకేలా అరిగింది, ఎడమది ఒక పిసరు ఎక్కువే. కుడిచేత్తో వేసే బౌలరు బరువంతా ఎడమ కాలి మీదే దింపుతాడు, కాబట్టి అదే సరి. ప్రేమ్ జత అలా లేదు. ఎడమ బూటు మడమ కొత్తదానిలా ఉంది, వేళ్ల దగ్గర మాత్రం గీకినట్టు అరిగిపోయింది. మడమ నేలకు తగలనివ్వకుండా నడిచే మనిషి బూటు అది.

బూటు ఒకటి చెబుతోంది, కంప్యూటరు ఇంకొకటి చెబుతోంది. రవీందర్ అంజి బూటులోకి వేళ్లు పెట్టాడు.

"ఎవిడెన్స్ ముట్టుకోకండి" అన్నాడు వెనకనుంచి ఆదర్శ్. కారు తోలుకుని వచ్చినట్టున్నాడు, ప్యాంటు అంచుకు బురద చిమ్మింది.

"ఇది మీ ఎవిడెన్స్‌ల ఉన్నదా?"

"లేదు."

"అట్లయితే బూటే."

రవీందర్ లోపలి అట్ట పైకి లాగి తిరగేశాడు. బూడిదరంగు గుడ్డ అట్ట, కింద పదకొండు అని అంకె. ప్రేమ్ బూటులోంచి నల్లగా, మెత్తగా ఉన్న తోలు అట్ట వచ్చింది. దాని కింద ఏడు. ఎవరి అంకె ఏదని రవీందర్ అడగలేదు, ఆదర్శే చెప్పాడు. ఏడు సీతారామాంజనేయులుది, పదకొండు ప్రేమ్ కుమార్‌ది. చెప్పాక తన మాటే తనకు వినబడ్డట్టు నిలబడిపోయాడు. అయినా వెంటనే తేరుకున్నాడు.

"ఇక్కడ మార్చినా మార్చింది ఆవిడే కావచ్చు. ఎవరితోనైనా చేయించి ఉండొచ్చు."

"ఆ బిడ్డ ఈ గేటు లోపలికి ఎన్నడు రాలేదని మీ దర్యాప్తులనే తేలింది గద. ప్రేమ్‌తోని ఫోన్ల మాట్లాడలేదని గూడ మీరే తేల్చిన్రు. మీరు మంచిగనే చూసిన్రు సార్. బూట్లే చూడలే."

ఆదర్శ్ జవాబు చెప్పేలోగా షెడ్డు వైపు నుంచి ఒక మనిషి వచ్చాడు. చెప్పుల్లేవు. తల తడిగా ఉంది. మెడ దాకా మూసిన టీషర్టు, నెల గడ్డం. గోడ దగ్గర ఇద్దరినీ, తిరగేసిన అట్టల్నీ చూసి ఆగిపోయాడు. మండపేట నుంచి వచ్చిన సీతారామాంజనేయులు.

"రా స్వామీ" అన్నాడు రవీందర్. "మాల ఎప్పుడేసుకున్నవు?"

అంజి టీషర్టు కాలరు కిందికి లాగాడు. లోపల తులసిమాల, దానికి వేలాడే అయ్యప్ప బిళ్ల.

క్యాంపులో దీక్షలు నిషేధం. పోయినేడు ఒక బౌలరు మాల వేసుకుని, ఒంటిపూట తిండితో కళ్లు తిరిగి పడ్డాడట. అప్పుడే క్యాంపు మేనేజరు ఈ రూలు పెట్టాడు. అంజికి అమ్మ జబ్బు చేసినప్పటి మొక్కు. అమ్మ లేచి తిరుగుతోంది, మొక్కు మిగిలింది. అందుకని ఎవరికీ చెప్పకుండా వేసుకున్నాడు. రోజూ తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, షెడ్డులో పూజ. ఇవాళ వాన వల్ల ఆలస్యమైంది. సంగతి తెలిసింది ఒక్క ప్రేమ్‌కే. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు వాడు స్వామీ అని పిలవడం అలవాటు చేసుకున్నాడు.

"బంతి తోలుదే కదండీ, దానికి గురుస్వామిని అడిగాను" అన్నాడు అంజి. "అది నీ బతుకు, చేత్తో పట్టుకో, కాలి కింద మాత్రం తోలు వద్దు అన్నారు. బూటు గుడ్డది కొనుక్కున్నానండి. లోపలేమో కంపెనీవాళ్లు కొత్తగా తోలు అట్టలిచ్చారు. ప్రేమ్‌ది పాత గుడ్డది. మా ఇద్దరిదీ ఒకటే సైజు. నావి నీకు, నీవి నాకు అన్నాడు."

"అవి ఎవరివి వాళ్లే వేసుకోవాలని తెలియదా?" అన్నాడు ఆదర్శ్.

అంజి ఆశ్చర్యంగా చూశాడు. "ఫోనుకి వేలు తెలుసు కదండీ, ఇంకెవరు పెట్టినా తెరుచుకోదు. దీనికీ పాదం తెలుస్తుందనుకున్నాం. ఎవరి బూటులో ఉన్నా నా పాదం పెడితే నా పేరే వస్తుందనుకున్నానండి."

ఎవరూ నవ్వలేదు. తలుపు దగ్గర ప్రేమ్ నిలబడి వింటున్నాడు. అతనికి ఇంకా పూర్తిగా అందలేదు. అందుతున్న కొద్దీ మొహం మారుతోంది.

మాటలతో ఆదర్శ్ ఒప్పుకోడని రవీందర్‌కు తెలుసు. బ్లెస్సీకి ఫోను కలిపి స్పీకరు పెట్టి, ఫోను ఆదర్శ్ చేతికే ఇచ్చాడు. అట్టలు ఇందాక ఎలా ఉన్నాయో అలాగే మళ్లీ బూట్లలో పెట్టించాడు. అంజి తన బూట్లు తొడుక్కుని వరండా అవతల నెట్స్‌లోకి దిగాడు. పరుగందుకుని ఒక బంతి వేశాడు. ఎడమ కాలు నేలను గుద్దిన చప్పుడు వరండా దాకా వినబడింది.

"ఇప్పుడు బౌలింగ్ వేసింది ఎవరమ్మా?" అన్నాడు రవీందర్, ఫోను వైపు వంగి.

అవతల కీబోర్డు చప్పుడు. "ప్రేమ్ కుమార్, సార్" అంది బ్లెస్సీ. "చాలా బాగా పడింది. రెండు పాదాలూ గ్రీన్."

ప్రేమ్ కుమార్ తలుపు చెక్క పట్టుకుని, ఎడమ మడమ పైకెత్తి నిలబడి ఉన్నాడు. ఆదర్శ్ అతన్నే చూస్తున్నాడు.

"బ్లెస్సీ" అన్నాడు చివరికి. "బౌలింగ్ వేసింది అంజి. అట్టలు వీళ్లే మార్చుకున్నారు. నీ ఫైళ్లలో తప్పేం లేదు. తప్పు నాది. సారీ అమ్మా."

అవతల కుర్చీలో వెనక్కి వాలిన చప్పుడు, ఆపైన పొడుగైన ఊపిరి. ఆదర్శ్ కంపెనీకి ఫోను చేసి ఫిర్యాదు ఆపించాడు. పన్నెండు దాటింది. రవీందర్ ఎలిజబెత్‌కు తనే ఫోను చేశాడు. తేలిపోయింది, మీ బిడ్డ ఏం చెయ్యలేదు అన్నాడు. ఆమె ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పమంది. చెప్పాడు.

క్యాంపు డాక్టరు ప్రేమ్‌ను దవాఖానకు తీసుకెళ్లి స్కాన్ తీయించాడు. మడమ ఎముకలో వెంట్రుక మందాన పగులుంది. ఇలాగే వెళ్లి ఒక టెస్టులో ఓవర్లన్నీ వేసి ఉంటే ఆ ఎముక రెండు ముక్కలై, మళ్లీ పరుగు మాట మరిచిపోవాల్సి వచ్చేదట. ఇప్పుడైతే మూడు నెలలు కదలకుండా ఉంటే అతుక్కుంటుంది. ప్రేమ్ కాలికి కట్టుతో, చంకలో కర్రలతో తిరిగొచ్చాడు. డాక్టరు చెప్పిందంతా విని ఒక్క మాటే అడిగాడట, నాది భయం కాదన్న మాట, నిజంగనే నొప్పి, కదా అని.

అతను కారు దిగుతుండగానే అంజి ఫోను మోగింది. ఎంపిక కమిటీ నుంచి, దవాఖాన నుంచే డాక్టరు వాళ్లకు సంగతి చెప్పాడు. రాత్రి విమానానికి తయారుగా ఉండమన్నారు. ఈసారి కూడా కారణం చెప్పలేదు. దీక్షలో ఉన్నానని అంజి తనే చెప్పాడు. అవతల సరే అన్నారు. అంజి ఫోను పెట్టేసి, కర్రల మీద వస్తున్న ప్రేమ్‌కు ఎదురెళ్లాడు. మేనేజరు అరవడానికి వచ్చినవాడు ఇద్దర్నీ చూసి వెనక్కి వెళ్లిపోయాడు.

"మూడు నెలలే గద స్వామీ" అన్నాడు ప్రేమ్. "వికెట్లు తియ్యి. ఊకెనే పంపిస్తలేను."

రెండు గంటలకు స్వామికి భిక్ష. ఇక దాచే పని లేదు కాబట్టి వంటవాడు మెస్సులోనే నేల కడిగి విస్తళ్లు వేశాడు. ఉల్లి, వెల్లుల్లి లేని పప్పు, సొరకాయ కూర, చారు. బ్లెస్సీ అప్పటికి వచ్చింది. తల్లి డ్యూటీ మధ్యలో సెలవడిగి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని కూచుంది. ఆదర్శ్ వెళ్లిపోబోతుంటే ఎలిజబెత్ పక్కకు జరిగి చోటిచ్చింది. అతను బురద ప్యాంటు మడుచుకుని కూచున్నాడు. ప్రేమ్‌కు కుర్చీ వేస్తామన్నారు. వద్దని, కట్టు కట్టిన కాలు ముందుకు చాపుకుని అంజి పక్కన నేల మీదే దిగాడు. అంజి శరణుఘోష చెప్పుకునేదాకా ఎవరూ విస్తరి ముట్టలేదు. ప్రేమ్, బ్లెస్సీ, ఎలిజబెత్ వాళ్ల ప్రార్థన వాళ్లు కళ్లు మూసుకుని చేసుకున్నారు.

తర్వాత అందరూ తిన్నారు. నిన్నటినుంచి ఏమీ తినని ఎలిజబెత్ రెండోసారి అన్నం పెట్టించుకుంది.

స్వామి తిన్న విస్తరి ఇంకొకరు తీయడం రివాజు. వంటవాడు అందుకు వచ్చి నిలబడ్డాడు. అంజి తన విస్తరి మడిచి పక్కన పెట్టి, లేచి, వంగలేక తంటాలు పడుతున్న ప్రేమ్ ముందున్న ఎంగిలి విస్తరి తనే తీసుకుని ఉత్తకాళ్లతో బయటికి నడిచాడు. ప్రేమ్ తల ఎత్తలేదు. మిగతావాళ్లు మజ్జిగ పోసుకుని తింటూనే ఉన్నారు.